బడికి సెలవులు, చదువుకు కాదు



కొన్నేళ్ల క్రితం మే నెలాఖరులో మా సంఘంలో విబిఎస్ ముగింపు కూటం జరుగుతోంది. పది రోజుల కంఠత వాక్యాలన్నీ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పిన పాపకు మొదటి బహుమతి వచ్చింది. ఐదో తరగతి పూర్తయిన పిల్ల. బహుమతి కొత్త బైబిలు. దాన్ని చేతికిచ్చి, "నువ్వు చెప్పిన వాక్యాల్లో ఒకటి ఇందులోంచి చదువమ్మా" అన్నాను. పేజీ తీసి వేలు పెట్టి చూపించాను కూడా. పాప గడగడా చెప్పేసింది గాని కళ్లు పేజీ మీద లేవు. పక్క వాక్యం చదవమన్నాను. మొదటి మాటలోనే ఒక ఒత్తక్షరం ఉంది. అక్కడే ఆగిపోయింది. వెనక కూర్చున్న మగపిల్లలు నవ్వారు. నేను తడబడి, "పర్వాలేదు, కూర్చో తల్లీ" అని పంపేశాను.

కూటం అయ్యాక వాళ్లమ్మ వచ్చింది. కూలిపని చేసుకునే మనిషి. "అయ్యగారండీ, మార్చిలో బానే చదివేదండి. పంతులమ్మగారు కూడా పర్లేదని చెప్పారు. సెలవులిచ్చాక పుస్తకం ముట్టలేదండి" అంది. ఆమె మాటలో ఫిర్యాదు లేదు. కానీ నాకు మాత్రం తగలాల్సిన చోటే తగిలింది. ఆ పిల్ల పది రోజులు, రోజుకు మూడు గంటలు మా గుడిలోనే ఉంది. పాటలు నేర్పాం, అభినయాలు నేర్పాం, వాక్యాలు నోటికి నేర్పాం. ఆమెకు చదవడం వచ్చో రాదో ఒక్కరం కూడా చూడలేదు. ఇన్నేళ్లుగా విబిఎస్ నడుపుతున్న నేను అప్పటిదాకా ఏ పిల్లనీ అలా చూడలేదు.

మళ్లీ సెలవులు వస్తున్నాయి కాబట్టి ఈ వారం సంపాదకీయం ఆ విషయం మీదే. వేసవిలో పిల్లల చదువుకు ఏమవుతుంది, ఎవరికి ఎక్కువ నష్టం, ఇంట్లోవాళ్లం ఏం చేయగలం, సంఘంగా ఏం చేయగలం అన్నది వరుసగా చూద్దాం.

ఏడు వారాల్లో ఏం జరుగుతుంది?

మన రెండు రాష్ట్రాల్లో వేసవి సెలవులు దాదాపు ఏడు వారాలు. 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు ఇచ్చారు, అంటే 49 రోజులు. ఈ ఎండల్లో అది అవసరమే. దాన్ని తగ్గించమని ఎవరమూ అడగడం లేదు. కానీ 49 రోజులు వాడని విద్య ఏమవుతుందో తెలుసుకోవాలి.

మరుపు మీద మొదట లెక్కకట్టి పని చేసినవాడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు. అర్థం లేని అక్షరాల గుంపుల్ని తనే కంఠతా పట్టి, గంటకు, రోజుకు, వారానికి ఎంత మరిచిపోతున్నాడో రాసుకున్నాడు. 1885లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఆయన తేల్చినవి రెండు. మరుపు మొదట్లోనే వేగంగా జరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మధ్యమధ్యలో ఒకసారి తిరగేస్తూ ఉంటే మరుపు బాగా తగ్గుతుంది. ఒకే రోజు నాలుగు గంటలు కూర్చోవడం కంటే, రోజూ కాస్తంత సేపు కూర్చోవడం మేలు. మన పెద్దలు ఎక్కాలు రోజూ సాయంత్రం వల్లె వేయించడం వెనక ఉన్న తెలివి ఇదే.

సెలవుల నష్టాన్ని ప్రత్యేకంగా కొలవడం అమెరికాలో 1906 నుంచే మొదలైంది. అలా జరిగిన 39 అధ్యయనాలను 1996లో హారిస్ కూపర్, ఆయన తోటి పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. సగటున పిల్లలు సెలవుల తర్వాత సుమారు ఒక నెల చదువు వెనకబడి బడికి వస్తున్నారని తేలింది. అన్నీ సమానంగా పోవు. లెక్కలు చేసే పద్ధతి, అంటే కూడికలు, తీసివేతలు, భాగహారాలు, ఇంకా అక్షరదోషాలు లేకుండా రాయడం ఎక్కువగా దెబ్బతింటాయి. కారణం తేలికే. మాటలు, కథలు ఇంట్లో ఎలాగూ వినబడుతుంటాయి. భాగహారం మాత్రం బడి బయట పిల్లలకు ఎదురుపడేది తక్కువ.

తెలుగు చదివే పిల్లలకు దెబ్బ తగిలే చోటు ఇంకొకటి ఉంది. మన లిపిలో అక్షరమాల ఒక మెట్టు, గుణింతాలు ఇంకో మెట్టు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు మూడో మెట్టు. మొదటి రెండు మెట్లు ఎక్కిన పిల్ల "పలక", "బావి", "కోడి" చదువుతుంది. "రాష్ట్రం", "స్నేహం", "ఉత్సాహం" దగ్గర ఆగుతుంది. మూడో మెట్టు కొత్తగా ఎక్కిన పిల్లకు ఇంకా కాలు కుదురుకోదు. రెండు నెలలు అభ్యాసం లేకపోతే జారేది అక్కడి నుంచే. మా పాప ఆగిపోయింది కూడా అక్కడే.

కుళాయి కట్టేస్తే ఎవరి ఇంట్లో నీళ్లుంటాయి?

అందరికీ నష్టం ఒకేలా ఉండదు. 1982లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ అలెగ్జాండర్, డోరిస్ ఎంట్‌విసల్ అనే సామాజికశాస్త్రవేత్తలు బాల్టిమోర్ నగరంలో ఒకటో తరగతిలో చేరిన సుమారు 790 మంది పిల్లలతో ఒక అధ్యయనం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి వాళ్లను గమనించారు. బడి నడిచే నెలల్లో పేదింటి పిల్లలు, ఉన్నవాళ్ల పిల్లలు ఇంచుమించు ఒకే వేగంతో నేర్చుకున్నారు. తేడా వేసవిలో వచ్చింది. ఉన్నవాళ్ల పిల్లలు ఆ నెలల్లో కూడా కొంత ముందుకు వెళ్లారు, పేద పిల్లలు ఉన్నచోటే ఆగారు, లేదా వెనక్కి జారారు. ఏటా కొంచెం కొంచెంగా ఆ తేడా పేరుకుపోయింది.

దీనికి వాళ్లు చెప్పిన పోలిక మన ఊళ్లవాళ్లకు బాగా తెలుస్తుంది. బడి ఒక వీధి కుళాయి వంటిది. నీళ్లు వస్తున్నంతసేపు అందరి బిందెలూ నిండుతాయి. కుళాయి కట్టేసిన రోజు, ఇంట్లో బోరు ఉన్నవాడికి ఇబ్బంది లేదు. కుళాయి మీదే ఆధారపడిన ఇల్లు ఎండుతుంది. ఆ బోరు ఏమిటంటే పుస్తకాలు, చదువుకున్న తల్లిదండ్రులు, ఊళ్లు తిరిగి చూపించే స్తోమత, వేసవి శిక్షణ శిబిరాల ఫీజులు.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. పాల్ వాన్ హిప్పెల్ వంటి పరిశోధకులు ఇటీవలి సంవత్సరాల్లో ఈ లెక్కల్ని తిరిగి పరిశీలించి, పాత పరీక్షలు వేసవి తేడాను ఎక్కువ చేసి చూపించాయని, పేద పిల్లల వెనకబాటులో చాలా భాగం ఒకటో తరగతికి ముందే ఉందని వాదిస్తున్నారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. ఎవరి వాదన నెగ్గినా, బడి మూసిన నెలల్లో ఎక్కువ మంది పిల్లల చదువు నెమ్మదిస్తుందని, అప్పటికే వెనకబడిన పిల్లకు ఆ కాలం అందుకోవడానికి దొరికే అవకాశమని రెండు వైపులవాళ్లూ ఒప్పుకునేదే.

అమెరికా లెక్కలు మనకెందుకని అడగవచ్చు. మన దేశంలో కోవిడ్ కాలం ఒక పెద్ద సెలవులాగే గడిచింది. 2021లో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఐదు రాష్ట్రాల్లో, 44 జిల్లాల్లోని 1,137 ప్రభుత్వ పాఠశాలల్లో 16,067 మంది పిల్లలను పరిశీలించింది. బడి మూయకముందు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకదాన్ని 92 శాతం మంది పోగొట్టుకున్నారు. లెక్కల్లో అది 82 శాతం. ఆ ఐదు రాష్ట్రాల్లో మనవి లేవు. కానీ వాడని చదువు తుప్పు పడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక సెలవులకు ముందే మన పిల్లలు ఎక్కడున్నారు? ప్రథమ్ సంస్థ గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వే 2024 ప్రకారం, ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 48.8 శాతమే. మామూలు భాగహారం చేయగలిగినవారు 30.7 శాతం. అంటే మన సండే స్కూల్లో కూర్చున్న ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి మనం చేతికిచ్చే బైబిలు చదవడం రాకపోవచ్చు. వాక్యాలు నోటికి రావడం చూసి మనం మోసపోతున్నాం. ఆ పరిస్థితిలో ఉన్న పిల్లకు నెల రోజుల చదువు చాలా పెద్ద మొత్తం.

వేసవిలో కట్టుబడేది చదువు ఒక్కటే కాదు. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం ఆగిపోతుంది. కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట ఇటుక బట్టీలకో మామిడి తోటలకో వెళ్తారు. సొంత కుటుంబానికి సెలవుల్లో అపాయం లేని పనిలో చేదోడుగా ఉండటాన్ని 2016 చట్ట సవరణ అనుమతిస్తుంది. అసలు ప్రమాదం జూన్‌లో ఉంది. నాలుగు డబ్బులు చేతికొచ్చాక, చదువు కూడా మరిచిపోయాక, ఆ పిల్లవాడు తిరిగి బడి మెట్లు ఎక్కడానికి సిగ్గుపడతాడు. "నాకు చదువు రాదులే" అనే మాట ఒకసారి నోట్లోంచి వచ్చిందంటే, దాన్ని వెనక్కి తీసుకురావడం కష్టం.

అయితే ఆటలు వద్దా?

వద్దని ఎవరన్నారు? ఇక్కడ రెండో వైపు పొరపాటు గురించి కూడా చెప్పాలి. పట్టణాల్లో కొందరు తల్లిదండ్రులు ఏప్రిల్ 24న బడి మూయగానే ఏప్రిల్ 25న ట్యూషన్‌లో చేర్పిస్తున్నారు. వచ్చే ఏడాది సిలబస్ ఇప్పుడే ముగించాలట. పిల్లవాడు ఏడాదంతా మోసిన సంచీనే మళ్లీ మోస్తున్నాడు. అది నేర్చుకోవడం కాదు, విసుగు పెంచడం. సెలవుల్లో పిల్లలు అమ్మమ్మగారింటికి వెళ్లాలి, చెట్లెక్కాలి, తోబుట్టువులతో పోట్లాడుకుని కలిసిపోవాలి. విశ్రాంతి దేవుడు నియమించిందే.

మనం అడుగుతున్నది రోజుకు 20 నిమిషాల చదువు, 10 నిమిషాల లెక్కలు. మిగతా రోజంతా పిల్లలదే. రోజుకు 20 నిమిషాలు చొప్పున 49 రోజులు చదివితే 16 గంటలు దాటుతుంది. బడిలో 50 మంది మధ్య కూర్చున్న పిల్లకు, తన ఎదుటే ఒకరు కూర్చుని వినగా 16 గంటలు చదివే భాగ్యం ఏడాదంతా కలిపినా దొరకదు.

ఇంట్లో నాలుగు సమయాలు

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో మోషే, పిల్లలకు నేర్పే సంగతి చెబుతూ నాలుగు సమయాలను పేర్కొన్నాడు: ఇంట్లో ఉన్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అక్కడ మాట దేవుని ఆజ్ఞల గురించి. కానీ నేర్పే పద్ధతి ఏ చదువుకైనా సరిపోతుంది. ప్రత్యేకంగా బల్ల, కుర్చీ, మాస్టారు లేకపోయినా నడిచే పద్ధతి అది.

లేచినప్పుడు. వేసవిలో పొద్దున్నే చల్లగా ఉంటుంది, మనసు తేటగా ఉంటుంది. 20 నిమిషాల చదువు అప్పుడే ముగించండి. ఏం చదవాలి? పోయిన ఏడాది తెలుగు వాచకం చాలు. దాన్ని పాత పేపర్లవాడికి వేయకండి, జూలై దాకా దాచండి. ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చే పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి. ముందు తెలుగు పేజీ చదివించి, అర్థం అడిగి, తర్వాత ఇంగ్లీషు పేజీ చదివించండి. తెలిసిన భాషలో చదవడం వచ్చిన పిల్లకు రెండో భాష తేలికవుతుంది. "మా అబ్బాయి ఇంగ్లీషు మీడియం, తెలుగు అక్కర్లేదు" అనేవారు ఈ సంగతి ఆలోచించాలి.

"నాకే చదువు రాదు, నేనేం చదివిస్తాను?" అనే తల్లులకు ఒక మాట. మీకు చదువు రానక్కర్లేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "పైకి చదువు, నేను వింటాను" అనండి. చదివాక, "ఇప్పుడా కథ నాకు చెప్పు" అనండి. పేజీ చూడకుండా సొంత మాటల్లో చెప్పగలిగితే అర్థమైనట్టు. చెప్పలేకపోతే ఇంకోసారి చదవమనండి. ఎక్కడెక్కడ ఆగుతోందో మీ చెవికే తెలుస్తుంది. ఆగిన మాటల్ని ఒక నోటుబుక్కులో రాయించి, రేపు పొద్దున అవే ముందు చదివించండి.

ఇంట్లో ఉన్నప్పుడు. మధ్యాహ్నం బయట ఎండ మండిపోతుంటే పిల్లలు ఇంట్లోనే ఉంటారు, ఫోను చేతిలో ఉంటుంది. ఫోను లాక్కుంటే గొడవ. దాని బదులు ఇంకోటి చేతికివ్వాలి. అష్టాచెమ్మా ఆడండి. గవ్వలు వేసి గళ్లు లెక్కపెట్టే ఆటలో ఒకటో తరగతి కూడికలన్నీ ఉన్నాయి. వామనగుంటల్లో చింతపిక్కలు పంచుతూ పోతే పంచడం, మిగలడం అంటే ఏమిటో చేతికే తెలుస్తుంది. భాగహారం అంటే అదే కదా. పులి-మేక ఆట ముందుచూపు నేర్పుతుంది. వంటింట్లో పావుకిలో, అరకిలో, లీటరు, అరలీటరు పిల్లచేతనే కొలిపించండి. ఇద్దరికి సరిపోయే బియ్యం ఇంత అయితే ఐదుగురికి ఎంత అని అడగండి.

ఫోను వాడాలనుకుంటే దానికీ దారుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో బొమ్మలతో కూడిన తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, కష్టం స్థాయిని బట్టి వేరుచేసి పెట్టారు. రోజుకొక కథ చదివితే ఫోను కూడా పుస్తకమే అవుతుంది.

దారిలో. బస్సెక్కితే ఊరి బోర్డులు చదివించండి. కిలోమీటరు రాళ్లు చూసి ఇంకెంత దూరమో తీసివేత చేయించండి. కొట్టుకు పంపేటప్పుడు చీటీ పిల్లచేతనే రాయించండి, చిల్లర లెక్క పిల్లనే చెప్పమనండి. 500 నోటు ఇచ్చి 265 రూపాయల సరుకు తెస్తే ఎంత తిరిగి రావాలి? ఒకట్ల స్థానంలో సున్నా ఉన్నప్పుడు పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం పిల్లలు మొదట మరిచే లెక్క. సొంత డబ్బు లెక్కయితే అంత తొందరగా మరవరు.

ఊళ్లో గ్రంథాలయం ఉంటే ఒక దారి అటు కూడా వేయండి. మన తెలుగువాళ్లు గ్రంథాలయాల కోసం ఉద్యమం నడిపినవాళ్లు. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. అలాంటి చరిత్ర ఉన్న మనం పిల్లల్ని గ్రంథాలయం గడప ఎక్కించకపోవడం మన తప్పు. సభ్యత్వం తీసుకోండి, వారానికొక పుస్తకం ఇంటికి తెచ్చుకోనివ్వండి.

పడుకునేటప్పుడు. అమ్మమ్మ, తాతయ్య కథ చెప్పే వేళ ఇది. వాళ్ల చిన్నప్పటి సంగతులు, ఊరి సంగతులు, తుఫాను వచ్చిన ఏడాది, నడిచి బడికి వెళ్లిన దూరం అడగమనండి. మర్నాడు ఆ కథను నాలుగు వాక్యాల్లో పిల్లచేత రాయించండి. 40 కథలు పోగైతే ఆ నోటుబుక్కు ఇంట్లో ఏ పుస్తకం కంటే విలువైనదవుతుంది. అక్షరదోషాలు దిద్దే తొందర వద్దు. రాయడం మొదలుపెడితే చాలు.

తాళం వేసిన మందిరాలు

ఇప్పుడు సంఘం సంగతి. ఈ మాట నాకు నేను చెప్పుకుంటున్నదే.

సండే స్కూలు ఎలా పుట్టిందో మనలో చాలామంది మరిచిపోయాం. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ అనే పత్రికా సంపాదకుడు దాన్ని ప్రసిద్ధం చేశాడు. వారానికి ఆరు రోజులు పని చేసే పేద పిల్లలకు ఆదివారం ఒక్కటే ఖాళీ. ఆ రోజు వాళ్లను కూర్చోబెట్టి మొదట నేర్పింది చదవడం. చదవడం వస్తేనే బైబిలు చేతికివ్వగలమని వాళ్లకు తెలుసు. వేసవి బైబిలు బడి కథ కూడా అంతే. 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాజ్ అనే ఆమె, వేసవిలో వీధుల్లో తిరిగే పేద పిల్లల కోసం మరో చోటు దొరక్క ఒక బీరు దుకాణం హాలును అద్దెకు తీసుకుని బడి నడిపింది. ఆమెకు హాలు లేదు, పిల్లలు ఉన్నారు. మనకు హాళ్లున్నాయి, ఫ్యాన్లున్నాయి, మైకులున్నాయి, వారంలో ఆరు రోజులు తాళాలున్నాయి.

మన తెలుగు నేల చరిత్ర ఇంకా దగ్గరిది. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పిల్లలకు ఊరి బడి అరుగు మీద చోటు దొరకని రోజుల్లో, మిషనరీలు వేసిన ప్రార్థన పాకే ఆ పిల్లలకు బడి. పొద్దున పలక పట్టించినవాడే సాయంత్రం ప్రార్థన నడిపించేవాడు. అందుకే మా తాతగారి తరం పాస్టరును "పంతులుగారు" అని పిలిచేది. ఆ పాకలో నేర్చుకున్న అక్షరాలే మనలో ఎందరి ఇళ్లలోనో నేటి ఉద్యోగాలకు పునాది. పాక పోయి పక్కా మందిరం వచ్చింది. బడి మాత్రం మధ్యలో ఎక్కడో జారిపోయింది.

మా సంఘంలో ఆ పాప సంగతి జరిగిన మరుసటి ఏడాది వేసవి చదువుల తరగతి మొదలుపెట్టాం. మొదటి ఏడాది సరిగ్గా జరగలేదు. పొద్దున 10 గంటలకు పెట్టాం, ఎండకు పిల్లలు రాలేకపోయారు. తరగతుల వారీగా కూర్చోబెట్టాం, ఐదో తరగతి వరుసలో అక్షరాలు రానివాడూ కథలు చదివేవాడూ పక్కపక్కనే కూర్చున్నారు. మూడో వారానికి సగం మంది మానేశారు. తర్వాత దిద్దుకున్న పద్ధతి ఇది. చిన్న సంఘం కూడా చేయగలదు.

మొదటి రోజు ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి చదివించి చూడండి. అసర్ సర్వేలో వాడే పద్ధతే సరిపోతుంది: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ. ఏది దాకా చదవగలిగితే అదే ఆ పిల్ల స్థాయి. లెక్కల్లో ఒక అంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. ఈ పరీక్ష అందరి ముందు పెట్టకండి. నా వల్ల ఒక పిల్ల పడిన అవమానం ఇంకెవరికీ రాకూడదు.

తరువాత స్థాయిని బట్టి గుంపులు చేయండి, తరగతిని బట్టి కాదు. ప్రథమ్ సంస్థ ఏళ్ల తరబడి మన దేశంలో నడిపి చూపిన మార్గం ఇది. ఒక్కో గుంపుకు పదిమందికి మించకుండా ఒక అన్నయ్యనో అక్కనో పెట్టండి. సంఘంలో ఇంటర్, డిగ్రీ చదివే యవనస్థులు సెలవుల్లో ఖాళీగానే ఉంటారు. వాళ్లకు పెద్ద శిక్షణ అక్కర్లేదు. కోప్పడకూడదు, ఎగతాళి చేయకూడదు, పిల్ల చదువుతుంటే మధ్యలో అందుకోకూడదు. ఈ మూడూ పాటిస్తే చాలు.

ఉదయం 7 నుంచి 8.15 వరకు, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. ముందు పెద్దలెవరైనా ఒక కథ పైకి చదివి వినిపించాలి. తర్వాత గుంపుల్లో చదవడం, ఆ తర్వాత లెక్కలు, కాస్త రాయడం, చివర ఒక ఆట. విబిఎస్ పది రోజులు ఎప్పటిలాగే నడపండి, ఈ తరగతి దానికి ముందూ వెనకా సాగాలి. పది రోజుల్లో పాటలు వస్తాయి గాని చదవడం రాదు.

పిల్లల క్షేమం ముఖ్యం. ఏ గదిలోనైనా ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, వారిలో ఒకరు స్త్రీ అయితే మంచిది. తాగే నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు అందుబాటులో ఉంచండి. ఎండ ముదరకముందే అందరూ ఇంటికి చేరాలి. చెరువులు, కాలువల్లో ఈతకు వెళ్లి పిల్లలు చనిపోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతున్నాం. పెద్దలు లేకుండా నీళ్ల దగ్గరికి వెళ్లవద్దని రోజూ చెప్పండి. స్తోమత ఉన్న సంఘాలు తరగతి అయ్యాక ఉడికించిన గుడ్డో, అరటిపండో, ఉప్మానో పెడితే, బడి భోజనం ఆగిపోయిన పిల్లకు అది చిన్న విషయం కాదు.

మన విశ్వాసం కాని కుటుంబాల పిల్లలు కూడా వస్తారు, రానివ్వండి. అయితే వాళ్ల తల్లిదండ్రులకు ముందే ఉన్నదున్నట్టు చెప్పండి: ఇది చదువు, లెక్కల తరగతి, అంతే. చెప్పిన మాట మీదే నిలబడండి. చదువు ఎర కాకూడదు. పక్కింటి పిల్లకు చదవడం రావడమే మనకు చాలినంత సంతోషం కావాలి.

చివరి రోజు మళ్లీ అదే పరీక్ష పెట్టి, ఎక్కడ మొదలైందో ఎక్కడికి చేరిందో ఒక చీటీ మీద రాసి తల్లిదండ్రులకివ్వండి. జూన్ 12న ఆ పిల్లలు బడికి వెళ్లారో లేదో సంఘ పెద్దలు ఇల్లిల్లూ తిరిగి చూడాలి. ఐదో తరగతి అయి హైస్కూలుకు మారాల్సినవారిని, ఏడో ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని మరీ జాగ్రత్తగా చూడండి. ఆగిపోయేది ఎక్కువగా ఆ మలుపుల్లోనే.

ఈ ఆదివారం నుంచే

ఆ పాప సంగతి అడిగేవారుంటారు. మరుసటి వేసవి ఆమె మా తరగతికి వచ్చింది, రెండో స్థాయి గుంపులో కూర్చుంది. మొదటి వారం నా వైపు చూడలేదు. ఆరో వారంలో ఒక చిన్న కథ మొత్తం చదివింది, ఒత్తుల దగ్గర కొంచెం ఆగుతూనే. పెద్ద అద్భుతమేం కాదు. తర్వాతి ఏళ్లలో తనే చిన్నపిల్లల గుంపుకు అక్కగా కూర్చుంది. నేను చెప్పగలిగింది అంతే.

సెలవులకు ఇంకా కొద్ది రోజులే ఉంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూలు టీచర్లు ఒక పని చేయండి. ప్రతి పిల్లను పక్కకు పిలిచి, ఎప్పుడూ చూడని ఒక పేజీ ఇచ్చి, నెమ్మదిగా చదవమనండి. ఎవరికి ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఆ కాగితం మీ పాస్టరుగారి చేతికివ్వండి. వేసవికి ఏం చేయాలో ఆ కాగితమే చెబుతుంది. తల్లిదండ్రులు ఈ రాత్రికే ఇంట్లో అదే పని చేయవచ్చు. వాచకం ఎక్కడుందో ముందు వెతికి పెట్టుకోండి.